అటకమీది తొలిముద్రణ

అమరావతి వెళ్ళి అమరేశ్వరుణ్ణి దర్శించుకొని, కృష్ణ ఒడ్డున కాసేపు కూర్చొని, పెందలాడే ఇల్లు చేరుకునేవారే ఎక్కువ. ఇంకాస్త ఓపిక చేసుకొని పడమరగా నాలుగడుగులు వేసినవారికి ధరణికోట వస్తుంది. కోట అన్నారు గదా అని బురుజులూ, ఫిరంగులూ ఊహించుకుంటే మాత్రం నిరాశ తప్పదు. అక్కడ మిగిలింది మట్టికట్ట. ఒకప్పుడు ధాన్యకటకమని పేరు మోసిన శాతవాహనుల పట్నానికి ప్రాకారం అది. 1962 నుంచి 1965 వరకూ పురావస్తుశాఖవారు అక్కడ తవ్వి చూస్తే, పడవలు వచ్చి ఆగే కాలువా, సరుకు దించే రేవుకట్టా బయటపడ్డవి. అంతటి పట్నం!

ఆ పట్నపు వైభవానికి ఆనవాలుగా నిలిచిన మహాచైత్యాన్ని తరువాతి కాలంలో ఊరివాళ్ళు దీపాలదిన్నె అన్నారు. పద్ధెనిమిదో శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్న రోజుల్లో రాళ్ళకోసం ఆ దిన్నెను తవ్వారు. సంగతి విని 1797లో కోలిన్ మెకంజీ దొర వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో చిత్రకారులను వెంటబెట్టుకొని వచ్చేనాటికి రాళ్ళు ఎన్నో కనబడకుండా పోయినవి. కొన్ని మెట్లలోకీ, గోడలలోకీ పోయినవి. కొన్నిటిని కాల్చి సున్నం చేసుకున్నారు. ఆ తరువాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరి, అక్కడినుంచి 1859లో ఓడెక్కి లండను పోయినవి. ఊళ్ళోని మ్యూజియంలో కొన్ని మిగిలినా, అమరావతి శిల్పాన్ని తనివితీరా చూడాలంటే ఈనాటికీ చెన్నై ఎగ్మూరుకో, లండనుకో ప్రయాణం కట్టవలసిందే.

సున్నం కాల్చినవాళ్ళను తిట్టి ప్రయోజనం లేదు. వాళ్ళకు ఇల్లు కట్టుకోవాలి, ఎదురుగా తెల్లని రాయి కనబడుతూ ఉంది. ఆ రాయి విలువ ఇదీ అని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. చేతికి అందేంత దగ్గరగా ఉన్న వస్తువుకు విలువ కట్టడం ఎవరికైనా కష్టమే.

ఈ రాళ్ళ గొడవ ఎందుకంటారా? మన ఇళ్ళల్లోనూ అట్లాంటి దిన్నె ఒకటున్నది. దాని పేరు అటక.

మా అమ్మ కుట్టిన పుస్తకం

వెనుకటి రోజుల్లో వారపత్రిక వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ పండగ. ముందు ఎవరు చదవాలన్న తగవు తీరేసరికి ఆదివారం గడిచిపోయేది. అందరూ చదవడం అయ్యాక పత్రిక మా అమ్మ చేతికి వచ్చేది. కత్తెర మొనతో పిన్నులు జాగ్రత్తగా విప్పి, సీరియలు ఉన్న కాగితాలు మాత్రం వేరుచేసి పరుపు కింద పెట్టేది. సీరియలు పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం దబ్బనం, పురికొస ముందు వేసుకొని కూర్చుని కుట్టేది. కిందటేటి క్యాలెండరు అట్టే ఆ పుస్తకానికి అట్ట. ఇక అది వీధి వీధంతా తిరిగి, ఆరు నెలలకు కాఫీ మరకలతో ఇల్లు చేరేది.

మీ ఇళ్ళల్లోనూ ఇదే కథ కదూ! తెలుగుదేశంలో ఇట్లా దబ్బనంతో కుట్టిన పుస్తకాలు ఎన్ని లక్షలో ఎవరు లెక్క తీయగలరు?

మా అమ్మ కుట్టినవాటిలో శంకరమంచి సత్యంగారి 'అమరావతి కథలు' ఒకటి. 1975 నుంచి 1977 దాకా ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపుగారి బొమ్మలతో వచ్చిన నూరు కథలు. ప్రతి కాగితం మీదా పైన మూలగా, ఏ వారానిదో తారీఖు పెన్సిలుతో వేసి ఉంచింది. చాలా ఏళ్ళ తరువాత ఇల్లు మారుతూ అటక దులిపినప్పుడు, పాతకాగితాలవాణ్ణి పిలిచి ఆ కట్టను తూకం వేయించినవాణ్ణి నేనే. "ఎట్లాగూ పుస్తకం వచ్చింది గదమ్మా, చక్కటి అట్టతో కొత్తది కొనిపెడతాను" అని సమాధానం కూడా చెప్పాను. కొని ఇచ్చాను కూడా.

అమ్మ ఆ పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, "పుస్తకం ఎప్పుడైనా దొరుకుతుంది నాయనా, ఆ కాగితాలు దొరకవు" అని ఊరుకుంది.

ఆ మాటలో ఎంత నిజం ఉన్నదో నాకు తెలియడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

తొలిముద్రణ అంటే ఏమిటి?

మొదటిసారి అచ్చయిన పుస్తకాలను ఏరి దాచుకోవడం పాశ్చాత్య దేశాల్లో పెద్ద సరదా, పెద్ద వ్యాపారం కూడా. అదే కథ, అవే మాటలు ఉన్న ఇరవయ్యో ముద్రణ వంద రూపాయలకు దొరుకుతుంటే, మొదటి ముద్రణకు లక్షలు పోసేవాళ్ళున్నారు. 1925లో వచ్చిన ఫిట్జ్‌జెరాల్డ్ నవల 'ది గ్రేట్ గాట్స్‌బీ' సంగతే చూడండి. దాని అట్టమీద ఒక కాగితపు చొక్కా తొడిగి అమ్మారు. కొన్నవాళ్ళు చాలామంది ఆ చొక్కా తీసి పారేశారు. ఇప్పుడు చొక్కా ఉన్న ప్రతికీ, లేని ప్రతికీ ధరలో హస్తిమశకాంతరం! 1997లో హారీ పాటర్ మొదటి పుస్తకాన్ని గట్టి అట్టతో అయిదువందల ప్రతులు మాత్రమే వేశారు. ఆ పిల్లవాడు బడికి తీసుకువెళ్ళవలసిన సామాను జాబితాలో మంత్రదండం రెండుసార్లు అచ్చుపడింది. తరువాత ఆ తప్పు దిద్దారు. తప్పున్న ప్రతే నేడు బంగారం!

మరీ పాతకథకు పోతే, చార్లెస్ డికెన్స్ 'పిక్విక్ పేపర్స్' నవల మొదట పుస్తకంగా రానేలేదు. 1836, 37 సంవత్సరాల్లో నెలకో భాగం చొప్పున, లేతాకుపచ్చ కాగితపు అట్టలతో సన్నని సంచికలుగా వచ్చింది. ఆనాటి చదువరులు చాలామంది వాటిని బైండు చేయించేటప్పుడు అట్టలూ, లోపలి వ్యాపారప్రకటనలూ తీయించి పారేశారు. ఈనాటి సేకర్తలు వెదికేది ఆ అట్టల కోసమే, ఆ ప్రకటనల కోసమే. ఆనాటి మనిషి ఏం తొడిగాడో, ఏ మందు మింగాడో వాటిలో ఉన్నది మరి.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ పరుపు కింది కాగితాలు గుర్తుకు వచ్చినవి.

మనకు తొలిముద్రణ పత్రికే

మన తెలుగులో మొదటినుంచీ కథకు పుట్టిల్లు పత్రిక, పుస్తకం అత్తిల్లు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' ముందు 1878లో ఆయన పత్రిక వివేకవర్ధనిలో మొదలై, 1880లో పుస్తకమైంది. 1887లో ఇంగ్లీషులోకి పోయి లండనులో అచ్చయింది. బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' 1946, 47లలో నవోదయ పత్రికలో వచ్చి, 1952లో గాని పుస్తకరూపం ఎత్తలేదు. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ'ని జ్యోతి మాసపత్రికలో నెలనెలా ఎదురుచూసి చదివినవారు నేటికీ ఉన్నారు.

అంచేత తెలుగు నవలకు తొలిముద్రణ ఏదంటే, 'ప్రథమ ముద్రణ' అని అచ్చువేసిన పుస్తకాన్ని చూపి ఊరుకుంటే చాలదు. చాలాసార్లు ఆ గౌరవం పత్రిక సంచికలకే చెందుతుంది. ఆ సంచికలో పుస్తకానికి ఎక్కనివి ఎన్నో ఉంటవి. కథ మొదట్లో కళాకారుడు ప్రత్యేకంగా రాసిన పేరూ, ప్రతివారమూ మారే బొమ్మా ఉంటవి. కొత్తగా చేరినవారి కోసం 'ఇంతవరకు జరిగిన కథ' ఉంటుంది. సరిగ్గా పట్టు దొరికిన చోట తెగ్గొట్టి వేసిన 'సశేషం' ఉంటుంది. ఆ నాయిక అట్లా చేయడం భావ్యమా అని వాదులాడుకున్న పాఠకుల ఉత్తరాలుంటవి. పుస్తకం వేసేటప్పుడు వీటిలో చాలా భాగం తీసేస్తారు. తీసెయ్యడం తప్పని నేననడం లేదు. మన పెద్దవాళ్ళు ఆ కథను ఎట్లా చదివారో తెలియాలంటే మాత్రం అవి తప్ప వేరే సాక్ష్యం లేదు.

సత్యంగారి కథలనే తీసుకోండి. అవి 1978లో పుస్తకంగా వచ్చినవి. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందినవి. తరువాత శ్యామ్ బెనెగల్ హిందీలో దూరదర్శన్ ధారావాహికగా తీయగా దేశమంతా చూసింది. మొదటి కథ పేరు 'వరద', చివరి కథ 'మహారుద్రాభిషేకం'. పుస్తకంలో వాటిని రెండు రోజుల్లో చదివేయవచ్చు. పత్రికలో చదివినవారికి మాత్రం ఆ రెండు కథల నడుమ రెండేళ్ళు గడిచినవి. ఆ రెండేళ్ళలో ఇంట్లో పెళ్ళిళ్ళు జరిగినవి, పిల్లలు పుట్టారు, దేశంలో అత్యవసర పరిస్థితి వచ్చింది, పోయింది. మా అమ్మ పెన్సిలుతో వేసిన తారీఖుల్లో ఉన్నది ఆ రెండేళ్ళే. తూకానికి వేసి నేను పోగొట్టింది కూడా అదే.

మార్పులూ చేర్పులూ

"ఇదంతా పాత వస్తువుల మీద మమకారం. కథ చదవడానికి ఏ ముద్రణైతేనేం?" అని అడిగేవారుంటారు. సబబైన ప్రశ్నే. దానికి జవాబు మన పల్నాటి గాలిలోనే ఉన్నది.

ఉన్నవ లక్ష్మీనారాయణగారిది ఆనాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు. 1877లో పుట్టారు. పల్నాటి పుల్లరి సత్యాగ్రహపు రోజుల్లో జైలుకు వెళ్ళి, రాయవెల్లూరు జైలులో 'మాలపల్లి' నవల రాశారు. 1922లో బెల్లంకొండ రాఘవరావుగారు దానిని రెండు భాగాలుగా అచ్చువేశారు. మరుసటి సంవత్సరమే మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. శాసనసభలో చర్చలు జరిగాక, కొన్ని మార్పులు చేస్తే వేసుకోవచ్చునని 1928లో అనుమతి దొరికింది. 1936లో మళ్ళీ నిషేధం వచ్చింది. 1937లో రాజాజీ మంత్రివర్గం ఏర్పడిన తరువాత గాని ఆ నిషేధం తొలగలేదు.

ఇప్పుడు చెప్పండి. 1922 నాటి ప్రతికీ, 1928 నాటి ప్రతికీ భేదం లేదా? రచయిత మొదట ఏమి రాశారో, సర్కారుకు ఏది కంటగింపైందో తెలియాలంటే 1922 ప్రతి కళ్ళబడాలి. నిషేధం నడిచినన్నాళ్ళూ ఆ పుస్తకాన్ని దాచుకోవడమంటే ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవడమే. అయినా ఎవరో దాచబట్టే అది మనదాకా వచ్చింది. వాళ్ళు దాని ధర చూసుకొని దాచలేదు.

నాటకమైనా 'కన్యాశుల్కం' ఇక్కడ చెప్పుకోక తప్పదు. గురజాడ అప్పారావుగారు దానిని 1897లో మొదటిసారి అచ్చువేశారు. 1909లో రెండవసారి వేసేటప్పుడు ఎంతగా పెంచి, తిరిగి రాశారంటే, అది ఇంచుమించు వేరే నాటకమే అయింది. మనమంతా చదివి నవ్వుకునే గిరీశం రెండవ కూర్పు గిరీశం. రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదివినవారికి ఒక మహారచయిత పన్నెండేళ్ళలో ఎంత ఎదిగాడో తెలుస్తుంది. మొదటి కూర్పు ప్రతులన్నీ పొట్లాలకు పోయి ఉంటే ఆ పాఠం మనకు దక్కేదా?

ఇంకొక ముచ్చట. తెలుగులో తొలి ఆధునిక కథ ఏదని పరీక్షలో అడిగితే, 1910లో ఆంధ్రభారతి పత్రికలో అచ్చయిన గురజాడవారి 'దిద్దుబాటు' అని ఎన్నో ఏళ్ళు పిల్లలు రాశారు, మార్కులు తెచ్చుకున్నారు. ఆ తరువాత పాత సంచికలు తిరగవేసినవారు భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి'ని బయటికి తెచ్చి, 1902లోనే 'హిందూసుందరి' పత్రికలో వచ్చిన ఈ కథ సంగతేమిటని అడిగారు. వాదం ఎటు తేలినా, ఒక స్త్రీ రచయిత పేరు మళ్ళీ వెలుగులోకి వచ్చింది. దానికి మూలం ఎవరో దాచిపెట్టిన పత్రిక. చూశారా, ఒక పాత కాగితం సాహిత్యచరిత్ర దిద్దగలదు!

గుర్తుపట్టడమెట్లా?

పుస్తకం చేతికి రాగానే అట్ట చూసి మోసపోకండి. ముఖపత్రం తిప్పి వెనకవైపు చూడండి. మన ప్రచురణకర్తలు చాలామంది అక్కడ 'ప్రథమ ముద్రణ' అనీ, సంవత్సరమూ, ఎన్ని ప్రతులు వేసినదీ, వెలా, ముద్రణాలయం పేరూ అచ్చువేస్తారు. ప్రతుల సంఖ్య వేసే ఈ అలవాటు మనకు పెద్ద వరం. 'ప్రతులు: 1000' అని ఉంటే ఆ పుస్తకం ఎన్ని ఇళ్ళకు చేరగలిగిందో మీకు అంచనా దొరికినట్లే. 'ద్వితీయ ముద్రణ' అనో, 'పునర్ముద్రణ' అనో ఉంటే సంగతి స్పష్టమే. ఏమీ లేకపోతే రచయిత తొలిపలుకు చివర వేసిన తేదీ చూడండి. 'ఈ రెండవ కూర్పులో' అని ఆయనే చెప్పి ఉండవచ్చు.

కాగితం మీద వేలు రాసి చూడండి. సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేసిన రోజుల్లో అక్షరం కాగితంలోకి దిగేది. వెనకవైపు తడిమితే సన్నగా తెలుస్తుంది. ఆఫ్‌సెట్ అచ్చులో ఆ ఒత్తిడి ఉండదు. పాత తేదీ ఉండి అక్షరం నున్నగా తగిలితే కాస్త అనుమానించవలసిందే.

ఇక మీ తాతగారి సంతకం, 'చిరంజీవి సౌభాగ్యవతికి పెళ్ళి కానుక' అన్న రాత, అద్దె గ్రంథాలయం ముద్ర, ఇవన్నీ పుస్తకాన్ని పాడుచేసినవని రబ్బరు పెట్టి తుడవకండి. ఆ ప్రతి ఎవరి చేతులు దాటి వచ్చిందో చెప్పే చిరునామాలు అవి.

కాపాడుకోవడమెట్లా?

వారపత్రిక కాగితం దీర్ఘాయుష్షు కలది కాదు. కొయ్యగుజ్జుతో చేసిన ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది. వెలుగూ వేడీ తగిలినకొద్దీ అది పసుపై, అప్పడంలా పెళుసెక్కి, ముట్టుకుంటే విరుగుతుంది. అయినా కొంచెం శ్రద్ధ పడితే మరో తరానికి అందించవచ్చు.

ముందుగా అటకమీదినుంచి దింపండి. వంటింటి పొగా, పెంకుల వేడీ, వాన చెమ్మా అన్నీ చేరేది అక్కడికే. ఇనుప బీరువాలో, గోడకు తగలకుండా, నేలకు ఆనకుండా పెట్టండి. పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తింటవి. వాటిని మెల్లగా విప్పి నూలుదారంతో కుట్టండి. చిరిగినచోట సెల్లోటేపు వేయవద్దు. నాలుగేళ్ళకు దాని జిగురు గోధుమరంగు మరకై అక్షరాలను మింగుతుంది. రబ్బరుబాండు కూడా అంతే, వేసవికి కరిగి కాగితానికి అంటుకుంటుంది. వెడల్పాటి నూలు నాడాతో వదులుగా కట్టండి.

పురుగుకు మన పెద్దవాళ్ళ వైద్యం ఎండిన వేపాకూ, వసకొమ్మూ. తాటాకు గ్రంథాల కాలంనుంచీ వచ్చిన పద్ధతి అది. కలరా ఉండలు వాడేట్లయితే గుడ్డలో మూటగట్టి, కాగితానికి తగలకుండా, ముఖ్యంగా పిల్లల చేతికి అందకుండా ఉంచండి. తొలకరి పడ్డాక ఒకసారి బీరువా తెరిచి చెదలు చూడడం మరువకండి. పుస్తకం తడిస్తే మండుటెండలో పెట్టకండి. తెల్లకాగితాలు మధ్యమధ్య ఉంచి, పంకా గాలికి నీడలో ఆరనివ్వండి.

బైండరుకు ఇచ్చేటప్పుడు ఒక్కమాట గట్టిగా చెప్పండి: "అంచులు కత్తిరించవద్దు, అసలు అట్టలు తీసెయ్యవద్దు." అందంగా ఉంటుందని అతను మూడువైపులా కత్తి వేస్తే పుటసంఖ్యలూ, పెన్సిలు తారీఖులూ అన్నీ చెత్తబుట్టలోకి పోతవి. తప్పు అతనిది కాదు, ముందుగా చెప్పని మనది.

దాచినది ఎవరికోసం?

ఇంత విన్నాక "మా ఇంట్లోని కట్టకు ఏం ధర పలుకుతుంది?" అని మీకు అనిపించకపోదు. ఉన్నమాట చెబుతాను. తెలుగు పుస్తకాలకు లండను వేలంపాటల ధరలు రావు. విజయవాడ లెనిన్ సెంటరులోనో, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంటు మీదనో చూడండి, అపురూపమైన తొలిముద్రణ పాఠ్యపుస్తకాల నడుమ నలిగి కనబడుతుంది, టిఫిను ఖర్చుకు మీ సొంతమవుతుంది. అంచేత ఇందులో డబ్బు చూసుకునేవారికి నిరాశే. కొద్దిపాటి జీతంతో కూడా గొప్ప సేకరణ చేయగల సదుపాయం మాత్రం మనకున్నది. ఒక్క రచయితనో, ఒక్క చిత్రకారుణ్ణో, ఒక్క ఊరినో ఎంచుకొని వెదకండి. ధరణికోటవారైతే 'అమరావతి కథలు'తో మొదలుపెట్టి, శాతవాహనుల కాలాన్ని కథగా అల్లిన అడివి బాపిరాజుగారి 'హిమబిందు', పల్నాటి సత్యాగ్రహపు రోజుల్లో పుట్టిన 'మాలపల్లి', ఇట్లా తమ నేలచుట్టూ ఒక అలమర నింపుకోవచ్చు.

దాచడమంటే తాళం వేయడమని అనుకోకండి. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం చూడండి. లంకా సూర్యనారాయణగారు ఏళ్ళ తరబడి సేకరించిన పుస్తకాలు అక్కడ పదిమందికీ అందుబాటులోకి వచ్చినవి. వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం ఉన్నది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత పత్రికల సంచికలకోసం పరిశోధకులు దూరాభారాలనుంచి అక్కడికి వస్తారు. మీ కట్టలో ఉన్న సంచిక ఒకటి అట్లాంటి చోట లేకపోవచ్చు. ఇచ్చేముందు ఉత్తరం రాసి అడగండి. ఇవ్వడానికి మనసొప్పకపోతే స్కాను చేయించి ఆ ప్రతి పంపండి. ప్రెస్ అకాడమీవారు పాత తెలుగు పత్రికలను ఎన్నిటినో అట్లాగే స్కాను చేయించారు.

"స్కాను చేశాక ఇక కాగితం ఎందుకు?" అంటారేమో. మళ్ళీ ధరణికోట పక్కనున్న దిన్నెకే పోదాం. మెకంజీ దొర గీయించిన బొమ్మలు నేడు లండను బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. వాటిలో కొన్ని రాళ్ళకు ఈ లోకంలో మిగిలిన రూపం ఆ బొమ్మే. బొమ్మ గీయించకపోతే అదీ లేదు, అందుకు ఆయనకు దండం పెట్టాలి. అయినా బొమ్మను చూసి తృప్తిపడదామని, ఉన్న రాయిని ఎవరైనా కాల్చుకుంటారా? రెండూ కావాలి.

మా ఇంటి కట్ట ఏమైందో నాకు తెలియదు. బఠాణీల పొట్లాలై ఏ సినిమాహాలు ముందో చెల్లిపోయి ఉంటుంది. 'వరద' కథ బొమ్మలో ఎవరో వేడివేడి బజ్జీ తిని ఉంటారు. వాళ్ళమీద నాకు కోపం లేదు. సున్నం కాల్చినవాళ్ళకు చెప్పినవారు లేరు, నాకు మా అమ్మ ఉన్నది. అడిగి ఉంటే చెప్పేది. నేను అడగలేదు.

మీ అటక ఇంకా దులపలేదు గదా? అయితే ఈ ఆదివారం పీట వేసుకొని ఎక్కండి. కాగితాలవాడి కేక వినబడకముందే ఆ కట్ట దింపి, దుమ్ము దులిపి, ఇంట్లో పెద్దావిడ ఒళ్ళో పెట్టండి. "ఇది ఏ సంవత్సరం కుట్టావమ్మా?" అని ఒక్క ప్రశ్న అడిగి, పక్కన కాగితం, కలం పెట్టుకొని కూర్చోండి. అచ్చులో లేని కథ ఒకటి ఆమెనోట వస్తుంది. దానికి అదే తొలిముద్రణ.